పనిని మనిషిని కలుపు సంత

మాఘమాసములో పల్నాటి పల్లెలలో తిరుగువారికి ఎటు చూచినను ఎరుపే కనుపించును. కారెంపూడి, దుర్గి, రెంటచింతల ప్రాంతముల చేలలో మిరప పండియుండును. కల్లములలో ఆరబోసిన కాయలు ఎర్రని తివాచీవలె పరచుకొనియుండును. చూడవచ్చినవారికి ఇది కనుల పండువు. రైతునకు మాత్రము కంటిమీద కునుకు రాని కాలము. పండిన కాయను సకాలములో కోయనిచో ఎండకు రంగు తగ్గును, కొంత నేలరాలును. అకాలవర్షము పడెనా, మచ్చలు తేలి, బూజు పట్టి తాలుకాయగా మారును. మేలైన కాయకు గుంటూరు మిరపయార్డులో పలుకు ధర వేరు, తాలుకాయకు పలుకు ధర వేరు. నారు, ఎరువు, మందు, నీరు అని నెలల తరబడి ఖర్చు పెట్టిన రైతు భాగ్యము, కోతకు మనుషులు వేళకు దొరకుటపై ఆధారపడియుండును.

అదే సమయమున, మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరమున, కర్నూలు జిల్లా పడమటి మండలములలో మరియొక ఎదురుచూపు సాగుచుండును. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం ప్రాంతములలో సేద్యము చాలవరకు వానమీదనే నడచును. ఖరీఫు పంట ఇల్లు చేరిన పిమ్మట చేతికి పని ఉండదు. అప్పుడు కుటుంబములు ఇంటికి తాళము వేసి, ముసలివారిని ఊరిలో విడిచి, మూటముల్లెలతో గుంటూరు, పల్నాడు సీమలకు పత్తితీతకు, మిరపకోతకు తరలిపోవుదురు. ఈ పయనమును అక్కడివారు 'సుగ్గి' అందురు. పిల్లలును వెంట పోవుటచే బడి మధ్యలోనే ఆగిపోవును.

ఇక్కడ పని ఉన్నది, మనుషులు లేరు. అక్కడ మనుషులు ఉన్నారు, పని లేదు. రెంటికిని నడుమ దూరము ఉన్నమాట నిజమే. కాని రైలు ఉన్నది, బస్సు ఉన్నది, లారీ ఉన్నది. మరి ఏది లోపించినది? ఏ ఊరిలో ఎందరు కావలెను, ఎన్ని దినముల పని, కూలి యెంత, మాట ఇచ్చినవాడు నిలబెట్టుకొనునా అను వార్త లోపించినది. ఈ వార్తను చేరవేయుటకు మన కాలమున పుట్టిన సాధనమే ఆన్‌లైన్ ఉపాధి విపణి. అది ఎట్లు పనిచేయునో, దానివలన సమాజమునకు ఏమి మేలో, ఎక్కడ జాగ్రత్తపడవలెనో ఈ వ్యాసమున తెలిసికొందము.

వార్తకును వెల కలదు

సంతలో వంకాయలు కొనునప్పుడు మనము నాలుగు దుకాణములు తిరిగి ధర విచారింతుము. పనికిని అంతే. ఐతే ఎన్ని చోట్ల విచారించిన లాభము? ఈ ప్రశ్నను జార్జి స్టిగ్లర్ అను అమెరికా ఆర్థికశాస్త్రవేత్త 1961లో సరకుల ధరల విషయమునను, 1962లో ఉద్యోగముల విషయమునను గణితరీత్యా పరిశీలించెను. ఆయనకు 1982లో నోబెల్ బహుమానము లభించినది. ఆయన ఆలోచన సారమును ఒక చిన్న లెక్కలో చూడవచ్చును.

ఒక ప్రాంతములో రోజుకూలి 400 రూపాయల నుండి 600 రూపాయల వరకు ఊరికొక విధముగా ఉన్నదనుకొందము. (ఇవి లెక్కకొరకు తీసికొన్న అంకెలు మాత్రమే.) ఒక్క చోటనే విచారించి పనికి కుదిరిన మనిషికి సగటున 500 రూపాయలు లభించును. రెండు చోట్ల విచారించి వానిలో మెరుగైనది ఎన్నుకొన్నచో సగటున 533, మూడు చోట్ల విచారించినచో 550, నాలుగు చోట్ల విచారించినచో 560 రూపాయలు లభించును. విచారణలు పెరిగినకొలది కూలి పెరుగునుగాని, ఆ పెరుగుదల అంతకంతకు తగ్గుచుండును.

ఇప్పుడు ముప్పది దినముల పని అనుకొందము. రెండవ విచారణవలన కలుగు లాభము మొత్తముమీద 1000 రూపాయలు. మూడవదానివలన 500 రూపాయలు. పొరుగూరికి పోయి విచారించుటకు ఒక దినపు కూలియు బస్సు ఖర్చును కలిసి 600 రూపాయలు పోవుననుకొన్నచో, తెలివిగల మనిషి రెండు చోట్ల విచారించి ఆగిపోవును. మూడవచోటికి పోయినచో నష్టమే. ఇతడు సోమరియు కాడు, అమాయకుడును కాడు. వార్తకు అంత వెల ఉన్నందున ఆగినాడు. అదే విచారణ ఫోనుమీద పది రూపాయలతో ముగిసినచో పదవచోట విచారించుటయు లాభమే. ఆ లెక్కను విద్యార్థులు స్వయముగా చేసి చూచుకొనవచ్చును. విచారణలు 'న' అయినప్పుడు సగటు కూలి 400కు 200న/(న+1) కలిపిన మొత్తము.

అందరును పది చోట్ల విచారింపగలిగినప్పుడు మరియొక మార్పు వచ్చును. 400 రూపాయలే ఇత్తునను రైతునకు మనుషులు దొరకరు. అతడు కూలి పెంచక తప్పదు. ఊరికి ఊరికి నడుమ కూలిలోగల తేడాలు తగ్గిపోవును. ఇట్లు వార్త చవుక అగుటచే, విచారింపని మనిషికి కూడ కొంత మేలు కలుగును. ఇది గుర్తుంచుకొనదగిన విషయము.

ఒకప్రక్క ఖాళీ ఉద్యోగములు, మరియొకప్రక్క నిరుద్యోగులు ఒకే కాలమున ఎట్లు ఉందురు అను ప్రశ్నకు సమాధానము చెప్పినందుకు పీటర్ డైమండ్, డేల్ మార్టెన్‌సెన్, క్రిస్టఫర్ పిసరిడిస్ అను మువ్వురకు 2010లో ఆర్థికశాస్త్రపు నోబెల్ బహుమానము వచ్చినది. బండి చక్రము కదలుటకు ఇరుసువద్ద రాపిడి అడ్డగించినట్లు, పనిని మనిషిని కలుపుటలో వెదకులాట అను రాపిడి కలదని వారు చూపిరి. ఉపాధి విపణి ఆ ఇరుసునకు పూయు కందెన వంటిది.

మేస్త్రి చేయు పని

ఆన్‌లైన్ విపణి రాకముందు ఈ వార్తను ఎవరు మోసిరి? మేస్త్రి మోసెను. పూర్వము దేశములో ఆనకట్ట ఎక్కడ కట్టినను అక్కడ పాలమూరు కూలీలు ఉందురని ప్రసిద్ధి. వారిని కూడగట్టి తీసికొనిపోయినవారు గుంపు మేస్త్రీలు. పల్నాటి చరిత్రలోను కూలీల చెమట కలదు. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ రాతి ఆనకట్టను వేలాదిమంది చేతులతో కట్టిరి. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలిరి. కుడికాలువ నీరు వచ్చిన పిమ్మట మెట్టచేలలో వరి, పత్తి, మిరప విస్తరించినవి. పంట పెరిగినకొలది కోతవేళ కావలసిన మనుషుల సంఖ్యయు పెరిగినది. ఆ మనుషులను నేటికిని ఎక్కువగా మేస్త్రీలే ఫోనులమీద మాట్లాడి కుదుర్చుచున్నారు.

మేస్త్రిని దళారి అని తోసివేయుట తేలిక. కాని అతడు చేయు పనులను లెక్కించి చూడవలెను. ఏ ఊరిలో పని ఉన్నదో అతనికి తెలియును. బయలుదేరుటకు ముందు ఇంటిఖర్చునకు బయానా ఇచ్చును. బండి కుదుర్చును. పొలమువద్ద గుడిసెకు చోటు, నీటికి ఏర్పాటు అడుగును. రైతునకు కూలీల విషయమునను, కూలీలకు రైతు విషయమునను హామీ ఉండును. ఇన్ని పనులు చేయుచున్నందుననే అతని వ్యవస్థ ఇంతకాలము నిలిచినది.

దోషము మరియొకచోట ఉన్నది. రైతు ఎంత ఇచ్చినాడో కూలీలకు తెలియకపోవచ్చును; కూలీలు ఎంతకు ఒప్పుకొన్నారో రైతునకు తెలియకపోవచ్చును. రెండు వార్తలును తెలిసినవాడు మేస్త్రి ఒక్కడే. బయానా తీరువరకు వేరొకచోటికి పోవు స్వేచ్ఛ కూలికి ఉండదు. ఇటువంటి కష్టములనుండి వలసకూలీలను కాపాడుటకే పార్లమెంటు 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టము చేసినది. వార్త ఒక్కని గుప్పిటిలో ఉన్నంతకాలము చట్టము పొలముగట్టువరకు నడచివచ్చుట కష్టము.

ఎక్స్ఛేంజి నుండి అంతర్జాలమునకు

పనిని మనిషిని కలుపుటకు ప్రభుత్వమే ఒక కచ్చేరీ పెట్టవలెనను ఆలోచన కొత్తది కాదు. రెండవ ప్రపంచయుద్ధము ముగియుచుండగా, సైన్యమునుండి తిరిగివచ్చువారికి పని చూపుటకు మనదేశములో 1945లో ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజీలు ఏర్పడినవి. దేశవిభజన పిమ్మట కాందిశీకులకును, అటుపై సర్వజనులకును వాని తలుపులు తెరచిరి. 1956 నవంబరు 1 నుండి వాని నిర్వహణ రాష్ట్రములకు వచ్చినది. యజమానులు తమవద్ద ఖాళీలను తెలుపవలెనని 1959లో చట్టము చేసిరి. ఆ కాలపు విద్యార్థులు పరీక్ష ప్యాసుకాగానే ఎక్స్ఛేంజిలో పేరు నమోదు చేయించుకొని, కార్డు భద్రముగా దాచుకొని, గడువునకు ముందే తిరిగి నమోదు చేయించుకొనెడివారు. అయితే ఆ కార్డులు చాలవరకు చదువుకొన్నవారివి. మిరపకోత మనిషికి అక్కడ అర యుండెడిది కాదు.

అంతర్జాలము వచ్చిన పిమ్మట మనదేశములో 1997లో నౌక్రీ డాట్ కామ్ మొదలైనది. ఇదియు చదువుకొన్నవారి ఉద్యోగములకొరకే. 2007లో బెంగుళూరులో బాబాజాబ్ అను సంస్థ ఇంటిపనివారు, డ్రైవర్లు, వంటవారు, కాపలాదారులకొరకు విపణి పెట్టినది. తెలిసినవారి ద్వారా మంచి పనివార్త అందినవారే పేదరికమునుండి బయటపడుచున్నారని అనిరుధ్ కృష్ణ అను పండితుడు చేసిన పరిశోధన ఆ సంస్థ పుట్టుకకు ప్రేరణ. తెలిసినవారు లేనివారికి ఆ వార్త ఎవరు చెప్పవలెను? ఫోను ద్వారా మేము చెప్పుదుమని ఆ సంస్థ ముందుకు వచ్చినది. 2017లో అది మరియొక సంస్థలో కలిసిపోయినది.

కేంద్రప్రభుత్వము 2015 జులై 20న నేషనల్ కెరీర్ సర్వీస్ అను పోర్టలు ప్రారంభించినది. అందులో పని కోరువారు ఉచితముగా పేరు నమోదు చేసికొనవచ్చును. 2020లో కరోనా లాక్‌డౌనునాడు లక్షలాది వలసకూలీలు రహదారులవెంట నడచినప్పుడు, వారెవరో, ఎక్కడివారో తెలుపు పట్టిక దేశములో లేకపోయెను. పట్టిక లేనందున సాయము చేయదలచినవారికిని దారి తెలియలేదు. 2021 ఆగస్టు 26న ప్రారంభమైన ఈ-శ్రమ్ ఆ లోటును కొంత తీర్చినది. 2025 నాటికి 30 కోట్లకు పైగా అసంఘటిత కార్మికులు అందులో పేర్లు చేర్చిరి. తెలంగాణ ప్రభుత్వము డీట్ అను పేర తన డిజిటల్ ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజిని నడుపుచున్నది.

విపణి పనిచేయు విధము

యాబది మంది రైతులు, ముప్పది కూలిముఠాలు ఉన్నవనుకొందము. ప్రతి రైతును ప్రతి ముఠాతోను మాట్లాడవలెనన్నచో యాబది ముప్పదులు, అనగా 1500 సంభాషణలు కావలెను. అందరును తమ సంగతి ఒక్కచోట చెప్పినచో ఎనుబది కబురులు చాలును. టెలిఫోను ఎక్స్ఛేంజి యందలి సూత్రము ఇదియే. ఇంటింటికి మధ్య తీగ లాగక, ఇంటినుండి ఎక్స్ఛేంజికి ఒక్కొక్క తీగ లాగుదురు. గుణకారము కూడికగా మారును. చేరువారు పెరిగినకొలది ఈ ఆదాయును పెరుగును.

వార్త ఒకచోట చేరిన పిమ్మట జత కుదుర్చు పని కలదు. యంత్రము మొదట ఊరు, తేదీ, పని రకము, మనుషుల సంఖ్య, కూలి చూచి పొసగనివానిని తీసివేయును. మిగిలినవానిలో ఎవరికి ఎవరిని చూపవలెను? ఈ ప్రశ్నకు డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అను గణితవేత్తలు 1962లోనే ఒక చక్కని విధానము చెప్పిరి. ఒక పక్షమువారు తమకు నచ్చిన క్రమమున ఒక్కొక్కరిని అడుగుదురు. అడుగబడినవారు వచ్చినవానిలో మెరుగైనదానిని చేతిలో ఉంచుకొని, మిగిలినవానిని త్రిప్పిపంపుదురు. వెంటనే ఖాయము చేయరు. కాదనిపించుకొన్నవారు తమ తరువాతి ఎన్నికను అడుగుదురు. అడుగుటలు ఆగిపోయినప్పుడు జతలు ఖాయమగును. అప్పుడు "నాకు వచ్చినదానికంటె నీవే మేలు" అని పరస్పరము అనుకొను వేరు జత ఎక్కడను మిగలదు. ఇట్టి కూర్పును స్థిరమైన కూర్పు అందురు. ఈ మార్గములో చేసిన కృషికి షాప్లీకిని, ఆల్విన్ రాత్‌కును 2012లో నోబెల్ బహుమానము వచ్చినది. గేల్ అప్పటికి జీవించిలేడు.

ఇందులో ఒక సూక్ష్మము కలదు. దుర్గి రైతు మొదటి ముఠాను, రెంటచింతల రైతు రెండవ ముఠాను కోరినారనుకొందము. మొదటి ముఠాకు రెంటచింతల ఇష్టము, రెండవ ముఠాకు దుర్గి ఇష్టము. రైతులు అడుగువారైనచో దుర్గికి మొదటి ముఠా, రెంటచింతలకు రెండవ ముఠా కుదురును. రైతులిద్దరును కోరినది పొందిరి. ముఠాలు అడుగువారైనచో మొదటి ముఠా రెంటచింతలకు, రెండవది దుర్గికి పోవును. ఇప్పుడు కోరినది పొందినవారు కూలీలు. రెండు కూర్పులును స్థిరమైనవే. అనగా అడుగు హక్కు ఎవరికి ఉన్నదో వారికే విపణి మొగ్గు చూపును. యంత్రమునకు పక్షపాతము ఉండదని మనము నమ్ముదుము. కాని దానికి నియమములు వ్రాసినది మనుషులే. కూలి మనిషికి తెరమీద "ఒప్పుకొంటిని" అను ఒక్క మీట మాత్రమే ఇచ్చినారా, తానే వెదకి అడుగు వీలు కూడ ఇచ్చినారా అనునది చిన్న విషయము కాదు.

సమాజమునకు కలుగు మేలు

వార్త చవుక ఐనప్పుడు జరుగు మార్పునకు ఒక ప్రసిద్ధమైన నిదర్శనము కేరళ తీరమున దొరకినది. 1997 జనవరిలో ఒక ఉదయమున బడగర రేవున 11 మంది జాలరులు తెచ్చిన చేపలను కొనువారు లేక పారవేసిరి. అదే ఉదయమున 15 కిలోమీటర్లలోపున 27 మంది కొనుగోలుదారులు చేపలు దొరకక తిరిగిపోవుచుండిరి. తరువాతి సంవత్సరములలో తీరమున మొబైలు ఫోనులు వచ్చినవి. జాలరులు సముద్రముమీదనుండియే ఏ రేవున గిరాకి ఉన్నదో విచారింపసాగిరి. రాబర్ట్ జెన్సెన్ అను ఆర్థికశాస్త్రవేత్త 2007లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, ఫోనులకు ముందు దినదినము పట్టిన చేపలలో నూటికి 5 నుండి 8 వంతులు వృథా అగుచుండెను. ఫోనుల పిమ్మట ఆ వృథా దాదాపు ఆగిపోయినది. జాలరుల లాభము నూటికి 8 వంతులు పెరిగినది, కొనువారికి ధర 4 వంతులు తగ్గినది. ఒకరికి కలిసివచ్చినది మరియొకరి జేబునుండి పోలేదు; పారవేయుచుండిన సొత్తే ఇరువురికిని పంచబడినది.

మనిషి శ్రమ చేపకంటె త్వరగా చెడు సరకు. ఈనాడు పని దొరకక గడచిన దినమును రేపటికి దాచుకొనలేము. చెట్టుననే పండి రాలిన మిరపకాయయు అంతే. ఈ రెండు నష్టములను ఒక్కసారిగా తగ్గించుటయే పల్నాటిలో ఉపాధి విపణి చేయగల మొదటి మేలు.

రెండవ మేలు బడిపిల్లలకు. సుగ్గి పయనము ఎప్పుడు మొదలగునో, ఎన్ని వారములు ఉండునో ముందుగా తెలియనందున తల్లిదండ్రులు పిల్లలను వెంట తీసికొనిపోవుదురు. వలసపోవు కుటుంబముల పిల్లలకొరకు సీజనల్ హాస్టళ్ళు నడుపు ఏర్పాటు మన విద్యాశాఖలో ఉన్నది. పనివార్త నెల ముందుగా నమోదైనచో, ఏ ఊరినుండి ఎన్ని కుటుంబములు కదలునో ఉపాధ్యాయునకు తెలియును. హాస్టలు వేళకు తెరువవచ్చును. తండ్రి చేతిలోని ఫోనుకు వచ్చిన కబురు బిడ్డను తరగతిలో నిలుపగలదు.

మూడవది, ఋతువులను కలుపుట. పత్తితీత ఒక కాలము, మిరపకోత ఒక కాలము, వరికోత ఒక కాలము. పిడుగురాళ్ళ సున్నపుబట్టీలలోను, మాచర్ల ప్రాంతపు సిమెంటు కర్మాగారములలోను పని లెక్క వేరు. వీని పంచాంగము ఒకచోట కనుపించినచో, బొల్లాపల్లి మెట్టగ్రామముల మనిషి ఒక పని ముగియకముందే తరువాతి పనిని ఏర్పాటు చేసికొనగలడు.

నాలుగవది, బంధుబలము లేనివారికి సమాన అవకాశము. మన పల్లెలలో పనివార్త చుట్టరికము వెంట, కులము వెంట నడచును. బావగారు హైదరాబాదులో ఉన్నవానికి కబురు వచ్చును. ఎవరును లేనివానికి రాదు. నరసరావుపేటలో చదువు ముగించిన ఇంజనీరింగు విద్యార్థికిని, గురజాలలో కుట్టుపని నేర్చిన స్త్రీకిని ఇదే చిక్కు. అందరును చూడగల పలకమీద వ్రాసిన వార్తకు చుట్టరికము అక్కరలేదు.

ఐదవది, ప్రణాళికకు ఆధారము. ఒక మండలములో విద్యుత్తు పనివారు కావలెనని నెలల తరబడి ప్రకటనలు ఉండి మనుషులు దొరకనిచో, ఐ.టి.ఐ.లో ఏ తరగతి తెరువవలెనో అధికారులకు ఆ పట్టికయే చెప్పును. ఒకే పనికి స్త్రీలకు తక్కువ, పురుషులకు ఎక్కువ కూలి వ్రాసినచో అదియు పదిమంది కంటబడును.

జాగ్రత్తపడవలసిన చోట్లు

ఫోను ఉన్నంతమాత్రమున విపణి అందరిదీ కాదు. ఇంటికి ఒక్కటే ఫోను ఉన్నచోట అది సాధారణముగా మగవాని జేబులో ఉండును. మిరపకోయు చేతులలో ఎక్కువ స్త్రీలవి. చదువురానివారికి తెరమీది అక్షరములు గోడవంటివి. అందువలన మాటతో, తెలుగులో, మామూలు ఫోనుమీద కూడ పనిచేయు విపణియే పల్లెకు పనికివచ్చును.

రెండవది నమ్మకము. మనిషి మంచిచెడ్డలు ఒక పక్షమునకే తెలిసియుండుటవలన విపణియే చెడిపోవచ్చునని జార్జి ఎకర్లాఫ్ 1970లో చూపెను. ఈ కారణముననే ఆన్‌లైన్ విపణులు పని ముగిసిన పిమ్మట ఒకరిపై ఒకరు మార్కులు వేయు పద్ధతి పెట్టినవి. కాని రైతు మాత్రమే మార్కులు వేసి, కూలికి ఆ హక్కు లేనిచో, అది నల్లజాబితాగా మారును. మార్కులు ఇరుపక్కల ఉండవలెను. తప్పుడు మార్కుపై మొరపెట్టుకొనుటకు చోటు ఉండవలెను.

మూడవది, విపణి యజమాని కొత్త మేస్త్రి కాకుండ చూచుట. రెండు ప్రక్కల వార్తయు అతని గుప్పిటిలోనే చేరినచో పాత కథయే మరల మొదలగును. అతడు తీసికొను రుసుము ఎంతో ఇరువురకును కనుపింపవలెను. 2020నాటి సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమలులోకి వచ్చినది. యాప్‌ల ద్వారా పనిచేయు గిగ్ కార్మికులను మన కేంద్రచట్టము గుర్తించుట ఇందులోనే. వారి సంక్షేమనిధికి ఆ సంస్థలు తమ వార్షిక వ్యాపారములో నూటికి 1 నుండి 2 వంతుల వరకు చెల్లింపవలెనని అందు వ్రాసిరి.

నాలుగవది మోసము. ఉద్యోగమిత్తుమని ముందుగా రుసుము, డిపాజిటు, యూనిఫారము ఖర్చు అని డబ్బు అడుగువారిని నమ్మరాదు. ఓటీపీ సంఖ్యను ఎవరికిని చెప్పరాదు. సంస్థ చిరునామా విచారింపక ఊరు విడిచి పోరాదు. ఈ మూడు మాటలను ఉపాధ్యాయులు ప్రతి పదవతరగతి విద్యార్థికిని చెప్పి పంపవలెను.

ఇవన్నియు సరిచేసినను మేస్త్రి చేయు పనులలో సగము మిగిలియే ఉండును. బయానా ఎవరు ఇత్తురు? బండి ఎవరు కుదుర్తురు? పొలమువద్ద నీడ, నీరు ఎవరు చూతురు? వీనికి మహిళాసంఘములు, సహకార సంఘములు, పంచాయతీలు పూనుకొనవలెను. వార్తను యంత్రము మోయగలదు. హామీని మనుషులే మోయవలెను.

పాఠశాలలో ఒక ప్రయోగము

ఈ విషయమును తరగతిలో చేసి చూపవచ్చును. ఒక నెలపాటు విద్యార్థులు తమ గ్రామములలో పనివార్తలు సేకరింపవలెను: తేదీ, ఊరు, పని రకము, కావలసిన మనుషులు, దినములు, స్త్రీలకు కూలి, పురుషులకు కూలి, బండి ఖర్చు ఎవరిది. మనుషుల పేర్లును ఫోను నంబర్లును వ్రాయరాదు. నెలాఖరున సగటు కూలి, అన్నిటికంటె ఎక్కువ తక్కువల నడుమ తేడా లెక్కకట్టి గోడమీద అంటింపవలెను. ప్రక్కప్రక్క ఊళ్ళలో ఒకే పనికి ఎంత తేడా ఉన్నదో చూచి పిల్లలే ఆశ్చర్యపడుదురు.

రెండవ ప్రయోగము ఆటవంటిది. ఐదుగురు విద్యార్థులు రైతులు, ఐదుగురు ముఠా నాయకులు. ప్రతివారును తమ ఇష్టక్రమమును చీటిమీద వ్రాసికొందురు. గేల్, షాప్లీల విధానమున మొదట రైతులు అడుగుచు ఒకసారి, ముఠాలు అడుగుచు మరియొకసారి జతలు కుదుర్చవలెను. రెండు ఫలితములను నల్లబల్లమీద ప్రక్కప్రక్కన వ్రాసి, ఎవరికి ఎప్పుడు మేలు జరిగినదో లెక్కింపవలెను. బీజగణితము అక్కరలేని ఈ ఆటలో నియమము వ్రాయువాని బాధ్యత ఎంతటిదో పిల్లలకు బోధపడును.

వచ్చే మాఘమునకు మరల పల్నాటి చేలు ఎరుపెక్కును. కోసిగి స్టేషనులో మరల మూటలు దిగును. ఆ మూటల ప్రక్కన బడిసంచీ తగిలించుకొనిన పిల్లవాడు ఉండునో ఉండడో, కబురు ఎంత ముందుగా, ఎంత నిజముగా అందినదనుదానిపై చాలవరకు ఆధారపడియుండును. ఆ కబురును సరిగా మోయగల విపణిని నిర్మించువారు నేడు మన తరగతులలో కూర్చున్న విద్యార్థులే కావచ్చును. వారు వ్రాయబోవు నియమములలో మిరపకోయు చేతులకు కూడ అడుగు హక్కు ఉండవలెను.